తెల్ల తోబ్

డాబా మీద తెల్లబట్ట ఆరింది. ఎండ వాసన దాన్నిండా... కింద, నాట్లు పడిన పొలాల పచ్చి వాసన.

కల్తూమ దాన్ని మెల్లగా తీగమీంచి తీసింది.

తోబ్. చీరలాంటి పొడుగు బట్ట. ఒంటికి చుట్టి, తలమీదుగా తెచ్చి, భుజాన వేసుకోవాలి. సూడాన్‌లో, మర్రా కొండల కింద ఫుర్ తెగవాళ్ళ పల్లెలో అమ్మ కట్టుకున్న బట్ట.

అమ్మ పొద్దున్నే సజ్జలు విసిరేది. తన చేలో కలుపు తీసేది — అక్కడ నాన్న చేను నాన్నదే, అమ్మ చేను అమ్మదే. గాదెలూ వేరే. ఆపైన కాళ్ళు కడుక్కుని, ఈ తెల్ల తోబ్ చుట్టుకుని, పాఠాలు చెప్పడానికి బడికి నడిచేది.

యుద్ధం నాన్నని తీసుకుపోయింది. బడినీ తీసుకుపోయింది.

అమ్మ ఇప్పుడు శరణార్థుల గుడారంలో పాఠాలు చెబుతోంది.

కూతురు కల్తూమ గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదువుతోంది. మంగతాయారు గారింట్లో, మేడ మీద గదిలో అద్దెకుంటోంది.

ఇవాళ వాళ్ళమ్మాయి వర్షిణికి ఓణీల ఫంక్షన్.

కల్తూమ తోబ్ కట్టుకుని మెట్లు దిగింది.

పందిట్లో తలలన్నీ అటు తిరిగాయి.

"శుభమా అని ఓణీలిస్తుంటే ఆ తెల్లబట్టేంటమ్మా?"

వర్షిణి నానమ్మ భానుమతి గొంతు. వెనక వరసలోంచి. భర్త పోయిన దగ్గర్నుంచీ శుభకార్యాల్లో ఆవిడది ఆ వరసే.

మంగతాయారు గబగబా వచ్చి చెవిలో చెప్పింది. "ఏమనుకోకమ్మా... పైకెళ్ళి చుడీదార్ వేసుకొచ్చెయ్."

వెళ్ళొచ్చు. ఎంతసేపు పని!

వెళ్ళలేదు.

"ఆంటీ, మా దగ్గరా భర్త పోయినవాళ్ళు తెల్లదే కడతారండీ. టీచర్లూ తెల్లదే కడతారు. మా అమ్మ ఆ ఇద్దరూనండీ." ఆమె తెలుగు తడబడలేదు. "ఇది కట్టుకుని అమ్మ బళ్ళోకొస్తే పిల్లలందరూ లేచి నిలబడేవాళ్ళు. దీవెనలకి ఇప్పటికీ ముందు అమ్మనే పిలుస్తారు."



పీట మీద వర్షిణి తలెత్తింది. కొత్త ఓణీ ఇంకా భుజాన కుదురుకోలేదు.

"అక్కా, నువ్వొచ్చి అక్షింతలు వెయ్యి." ఆగి, వెనక్కి చూసింది. "నానమ్మా... నువ్వూ రా."

"నేనా? తప్పే పిల్లా!"

మంగతాయారు అత్తగారి వైపు చూసింది. రమ్మనలేదు. వద్దనీ అనలేదు.

కల్తూమ వరసలన్నీ దాటుకుంటూ వెళ్ళి చెయ్యి చాచింది.

భానుమతి ఆ చేతిని చూసింది. తోబ్ అంచు వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"మెత్తగా ఉందే..."

లేచింది.

ఇద్దరూ నడిచారు. ఎవరో ఏదో గొణిగారు — ఎవరో వాళ్ళని ఊరుకోమన్నారు. మనవరాలు తల వంచింది. ముసలి గుప్పిట్లో పసుపు బియ్యం...

భానుమతి గుప్పిట విప్పింది.