కొత్త ఇంజిన్‌కి మొలతాడు

కాదే మనవరాలా, అలగ రాయకు. జాకబు కట్టిన ఇంజిన్ సెడిపోయిందని రాసినావు సూడు, ఆ మాట కొట్టీ. ఇంజిన్ సెడిపోనేదు. వేడెక్కితే ఆగిపోయేది. రెండూ ఒకటి కాదు. నాకు బేగి సెప్పడం రాదు, నువ్వూ నెమ్మదిగా రాయి.

మన జీపు పెట్రోలుది. మీ బాబు పుట్టక ముందే కొన్నాను. అలాటివి ఇప్పుడు ఈ కొండల్లో ఎవులి దగ్గరా నేవు. ఒకపాలి బొర్రా తీసికెల్తే టూరిస్టులు గుహలు ఒగ్గేసి దీని పక్కన నిలబడి ఫోటోలు తీయించుకున్నారు. మన ఊరి నుంచి ముంచింగిపుట్టు సంతకి జనాన్నీ, సోళ్ళ బస్తాల్నీ, పసుపునీ మోసింది ఇదే. పోయినేడు నల్ల పొగ ఎక్కువైపోయింది. ఇంజిన్ ఆయిలు నీళ్ళు తాగినట్టు తాగేది. అప్పుడు జాకబుకి అప్పగించాను. దైవాధీనం కొడుకు జాకబు. సంత పక్కన రేకుల షెడ్డు వోడిది.

జాకబు ఇంజిన్ మొత్తం ఇప్పేసాడు. నట్టు నట్టూ గోనిపట్టా మీద పరిసినాడు. పిస్టన్లు మార్చాడు, రింగులు మార్చాడు, వాల్వులు నూరి కూకోబెట్టాడు. నెల పట్టింది. ఆ నెలంతా నాను వెల్లి పక్కన బల్ల మీద కూకునేవోడిని. వోడు ఎక్కువ మాటాడడు. ఏటైనా అడిగితే రెంచీ నోట్లో ఎట్టుకుని తలూపుతాడు. స్టార్టు సేసిన రోజున ఇంజిన్ మీద నిండా టీ గ్లాసు ఎట్టాడు. ఒక్క సుక్క తొనకనేదు.

ఇంటికి తెచ్చాక మీ నానమ్మ యర్రమ్మ సుట్టూ తిరిగి సూసింది. "అంతా ఇప్పి మళ్ళీ కట్టినాడంటే ఇది కొత్తగా పుట్టినట్టే గదా" అంది. "పుట్టిన పిల్లకి తొమ్మిదో నాడు మొలతాడు కడతాం. దీనికి కట్టవా?"

"ఇంజిన్‌కి మొల ఎక్కడుంటాదే?" అన్నాను.

"నీకు మాత్రం ఎక్కడుంది? రోజుకి నాలుగుసార్లు పంచె జారిపోతాది. మీ యమ్మ నీకు కట్టనేదేటి?"

నవ్వినాను గానీ ఆ మాట మనసులో పడిపోనాది. మన ఇంట్లో ఎలగ కడతామో నీకు తెలుసు కదా. నల్లతాడు, తాడుకి పసుపు గుడ్డ మూట. మూటలో పసుపు కొమ్ము, పిడికెడు సామలు, ఒక ఇనప ముక్క. పిల్లకి గాలీ ధూళీ తగలకుండా కట్టేది. జీపుకీ తొమ్మిదో నాడే కట్టాను. జాకబుకి సెప్పనేదు. వోడు సర్చికెల్లేవోడు, నవ్వుతాడని.

టేంకు నుంచి పంపుకి పెట్రోలు తెచ్చే రాగి పైపు ఒకటుంటాది. అది సైలెన్సరు గొట్టం పక్క నుంచి వస్తాది. గొట్టానికి నాలుగు వేళ్ళ ఎడంలో ఉండేలాగ జాకబు ఒక క్లిప్పు ఎట్టి బిగించాడు. తాడు సుట్టడానికి ఆ క్లిప్పు అడ్డొచ్చింది. స్క్రూ ఇప్పి క్లిప్పు తీసి జేబులో ఏసుకున్నాను. తాడుని పైపుకీ ఇంజిన్ పక్క బోల్టుకీ కలిపి సుట్టి, గట్టిగా లాగి ముడేసాను. పైపు కొంచెం వంగింది. వంగితే వంగింది, పెట్రోలు రావడం ముఖ్యం అనుకున్నాను.

తరవాత సంతకి పొద్దున్నే బయల్దేరాం. సల్లగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకే అందుకుంది. కింద రోడ్డు మీద ఏ గొడవా నేదు. కొండెక్కుతుంటే రెండో మలుపులో దగ్గింది, కుదిపింది, ఆగిపోనాది. ఎంత తిప్పినా నేదు. అరగంట కూకుంటే మళ్ళీ స్టార్టయింది. వెనకాల ఆడోళ్ళు ఒకటే నవ్వు. "సుక్రన్నా, నీ బండికి కూడా నీలాగ కునుకు కావాలేటి?" అని.

జాకబు షెడ్డుకి తీసికెల్లాను. కాయిలు మార్చాడు. వచ్చే సంతకి మళ్ళీ అదే మలుపు, అదే దగ్గు. కండెన్సరు మార్చాడు. కార్బరేటరు ఇప్పి ఊదినాడు. రేడియేటరు కడిగాడు. వాల్వు సందులు సల్లగా ఉన్నప్పుడొకసారి, వేడిగా ఉన్నప్పుడొకసారి కొలిసాడు. షెడ్డులో గంటసేపు ఆడించినా ఆగదు. బరువేసి కొండెక్కితే ఆగుతాది.

నాలుగోసారి వోడే నా పక్కన కూకుని వచ్చాడు. రెండో మలుపులో ఆగింది. వోడు దిగి పక్కన పారే గెడ్డలో తువ్వాలు తడిపి తెచ్చి పంపు మీద, పైపు మీద ఏసాడు. రెండు నిమిషాల్లో ఇంజిన్ అందుకుంది.

"పైపులో పెట్రోలు మరిగిపోతంది మావా" అన్నాడు. "మరిగి ఆవిరైపోతే పంపు ఆవిరినే లాగుతాది, పెట్రోలు అందదు. ఎక్కడో వేడి తగుల్తంది. పైపుకి ఏటైనా సేసావా?"

"నానేటి సేత్తాను? ఏటీ సెయ్యనేదు" అన్నాను.

ఇది బాగా రాయి. ఏటీ సెయ్యనేదు అన్నాను.

వోడు వంగి సూసాడు. మూట కనబడింది. క్లిప్పు ఉండాల్సిన సోటు మీదే ఏలాడతంది. సెయ్యి సాపి, మళ్ళీ ఆగి, "ఇది ఇప్పి సూడొచ్చా మావా?" అని అడిగాడు.

"దాని జోలికెల్లకు. అది మా దేవత పేరున కట్టింది. మీ సర్చి సేతులు దానికి తగలకూడదు."

వోడు సెయ్యి తీసేసుకున్నాడు. తడి తువ్వాలు పిండి నాకిచ్చాడు. ఆ తరవాత బండి ఎన్నిసార్లు ఇప్పినా ఆ పక్క సెయ్యి ఎట్టనేదు. రెండో పక్క నుంచే పని సేసేవోడు.

ఇంకో రెండు సంతలు గడిసినాయి. ఒక రోజు మిట్టమజ్జాన్నం, కొండెక్కొచ్చిన వేడి మీదే, సంత మద్దెలో బండి ఆగిపోనాది. అటు పశువులు, ఇటు ఉల్లిపాయల బండి. అందరూ నన్నే సూత్తన్నారు. జాకబు షెడ్డులోంచి పరిగెత్తుకొచ్చాడు. నాను ఊరుకోనేదు. "ఇంజిన్ కట్టడం రానోడివి ఎందుకు కట్టావురా? నెల రోజులు నట్లు లెక్కెట్టుకున్నావేటి? నీ సేతికి బండి ఇవ్వడం కన్నా గెడ్డలో తోసేత్తే నయం" అన్నాను. ఇంకా అన్నాను. అంతా రాయక్కర్లేదు గానీ, అన్నానని రాయి.

అయిదు ఆటోలు నడిపే గణపతిరావు అక్కడే ఉన్నాడు. విన్నాడు. వారంలో ఆటోలు పాడేరులో ఇంకో మేస్త్రీకిచ్చేసాడు. గణపతిరావుని సూసి మిగతావోళ్ళు. రెండు నెలల్లో జాకబు షెడ్డుకి తాళం ఏసి వైజాగు పోయాడు. ఏదో లారీల షెడ్డులో గ్రీజు కొడతన్నాడని వోడి పెళ్ళాం సోఫియా సెప్పింది. ఇంజిన్ ముట్టనివ్వరట అక్కడ.

జీపు అలగే ఆగుతూ, లేత్తూ తిరిగింది. మొన్న ఎండల్లో నానొక్కడినే కాపీ గింజల బస్తాలు ఏసుకుని వత్తన్నాను. రెండో మలుపు. ఆగింది. బోనెట్ ఎత్తాను. పంపు కింద గాజు గిన్నె ఉంటాది సూడు, అందులో పెట్రోలు అన్నం ఎసరులాగ బుడబుడమంటంది. జాకబు మాట గుర్తొచ్చింది. గాజు గిన్నె నుంచి పైపు పట్టుకుని వెనక్కి వెల్లాను. మూట దగ్గరికొచ్చేసరికి సెయ్యి కాలింది. గుడ్డ మాడిన వాసన. పైపు సైలెన్సరు గొట్టానికి ఆనుకుని ఉంది. నాను బిగించి కట్టిన తాడే దాన్ని అక్కడికి లాగి ఎట్టింది. మూట ఒక పక్క బొగ్గయిపోయింది. ఇంకొన్నాళ్ళయితే పెట్రోలు పైపు పక్కనే అంటుకునేది. ప్రతి సంతకీ ఆ బండిలో పన్నెండు మంది ఎక్కుతారు.

సల్లారిందాక కూకున్నాను. తాడు కోసేసాను. పైపుని సేత్తో మొదటున్న సోటికి వంచి, ఇనప తీగతో అక్కడ కట్టాను. నాలుగు వేళ్ళ సందు. బస్తాలన్నీ ఏసుకునే పైకెక్కాను. ఆగనేదు. మర్నాడు మళ్ళీ కిందకి దిగి, మళ్ళీ ఎక్కాను. ఆగనేదు. ఇంజిన్‌లో ఏ దోసమూ నేదు. ఎప్పుడూ నేదు.

యర్రమ్మకి సెప్పాను. "కట్టమన్నాను గానీ క్లిప్పు ఊడదియ్యమన్నానా?" అంది. నిజమే, అననేదు.

వచ్చే సంతలో, ఉల్లిపాయల బండి ఆగే సోటే నిలబడి అందరికీ సెప్పాను. క్లిప్పు నాను తీసాను, అడిగితే అబద్దం ఆడాను, వోడి పని బంగారం అని. కొందరు నవ్వినారు. గణపతిరావు మాత్రం, "నువ్వు సెప్తే ఏటవుద్ది సుక్రూ, షెడ్డుకి తాళం ఉంది. వోడొస్తే నా ఆటోలు ఇస్తాను" అన్నాడు. సోఫియా దగ్గరికెల్లాను. కుట్టు మిషను ఆపకుండా వింది. "ఆయన రాడు. ఇంజిన్ తప్పు కాదని ఆయనకి ముందే తెలుసు. నీ మాట వల్ల పోయాడు" అంది.

నాకు అక్షరాలు రావు, ఫోనులో నా గొంతు వింటే వోడు పెట్టేత్తాడు. అందుకే నీ సేత రాయించాను. సోమవారం నువ్వు కాలేజీకి వైజాగు వెల్తావు. సోఫియా దగ్గర షెడ్డు అడ్రసు తీసుకో. జాకబు పనిలో ఉంటే ఆగు, సేతులు కడుక్కున్నాక కూకోబెట్టి ఇది మొత్తం సదివి వినిపించు. సర్చి సేతులు అన్న మాట కూడా ఒగ్గకు. వెయ్యి మైళ్ళు తిరిగాక వాల్వు సందులు మళ్ళీ సూడాలని వోడే అన్నాడు; వెయ్యి దాటిపోయింది, ఎవులి సేతా సూపించనేదని సెప్పు.