ఆడలేనన్న అమ్మాయి

నేను ఒక కప్పును. టీ తాగే కప్పు అనుకునేరు, అది కాదు. కళాశాలల మధ్య జరిగే మహిళా కబడ్డీ పోటీల్లో గెలిచిన జట్టుకిచ్చే కప్పును. ఒళ్లంతా ఇత్తడి, పైన వెండి పూత. నన్ను తయారుచేసిన ముసలాయన నా రెండు చెవులూ అతికించి, "ఎక్కడెక్కడ ఊరేగుతావో, ఏమో!" అని మురిసిపోయాడు. ఊరేగింపులకేం, చాలానే చూశాను. గెలిచిన కాలేజీ ఏడాదిపాటు నన్ను అద్దాల బీరువాలో ఉంచుకుని, మళ్లీ పోటీలనాటికి తెచ్చి అప్పజెబుతుంది. గెలిచిన రోజు నన్ను ముద్దులతో ముంచెత్తినవాళ్లే నెల తిరక్కుండా నా మీద దుమ్ము తుడవడం మరిచిపోతారు. మనుషులింతేలే అని సరిపెట్టుకునేదాన్ని.

అలాంటిది, ఆ ఏడు ఈశ్వరి చేతికి చిక్కాను.

ఈశ్వరి విశ్వవిద్యాలయ కళాశాల జట్టు కెప్టెన్. ఎమ్మే రెండో ఏడు. ఆ కాలేజీ అంతకుముందు నన్ను ఎన్నడూ గెలవలేదు. ఆమెకదే ఆఖరి అవకాశం. ఫైనల్ రోజు నన్ను కోర్టు పక్కన బల్లమీద పెట్టి మెడలో బంతిపూల దండ వేశారు. విరామంలో ఆ జట్టు పిల్లలంతా నీళ్లకు పరుగెత్తారు. షమీమ్ మాత్రం మోకాలు పట్టుకుని నా బల్ల దగ్గరే కూలబడింది. జట్టులోకెల్లా చురుకైన రైడర్ ఆ అమ్మాయే. ఈశ్వరి వచ్చి పక్కన కూర్చుంది.

"అక్కా, లోపల ఏదో కలుక్కుమంది. కాలు ఆనట్లేదు. నేనాడలేను."

"ఇంకెంతసేపు! కాసేపు ఓర్చుకో. నువ్వు బయట కూర్చుంటే మనం గెలవం."

"వచ్చే నెల కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు పరీక్ష ఉందక్కా నాకు."

"గట్టిగా కట్టు కడతా. నాకోసం ఆడవే, షమీమ్."

షమీమ్ ఆమె ముఖంలోకి చూసింది. కాలు చాపింది.

ఆడింది. గెలిపించింది కూడా. ఆఖరి రైడులో నలుగురి మధ్యనుంచి తప్పించుకుని గీత ముట్టుకుని పడిపోయిన పిల్ల, ఇక తనంతట తాను లేవలేదు. నన్ను నెత్తికెత్తుకుని కేకలేస్తున్నవాళ్లకు షమీమ్ అరుపు వినపడలేదు. ఈశ్వరికి వినపడింది. నా చెవులు పట్టుకున్న ఆమె వేళ్లు ఒక్కసారిగా చల్లబడ్డాయి.

మోకాలిలో లిగమెంటు తెగిందన్నారు. ఆపరేషనైంది. కానిస్టేబుల్ పరుగు పరీక్ష షమీమ్ మంచంమీద ఉండగానే అయిపోయింది.

కాలేజీకి మాత్రం ఆ ఏడు పట్టిందల్లా బంగారమే. యువజనోత్సవాల్లో నాటకానికి బహుమతి వచ్చింది. రక్తదాన శిబిరానికి జనం బారులు తీరారు. ఎన్నెస్సెస్ పిల్లలు దత్తత గ్రామంలో వీధులు ఊడ్చి, మొక్కలు నాటి వచ్చారు. వచ్చిన పెద్దలందరికీ ప్రిన్సిపాల్‌గారు తన గదిలోని బీరువా తెరిచి నన్ను చూపించేవారు. నా పక్కన నిలబడి అందరూ ఫొటోలు దిగారు, ఈశ్వరి తప్ప.

ఓసారి షమీమ్ వాళ్లమ్మ సెలవు చీటీ ఇవ్వడానికి ప్రిన్సిపాల్ గదికి వచ్చింది. అక్కడే ఉన్న ఈశ్వరి చేతులు రెండూ పట్టుకుంది. "ఆ రోజు నా బిడ్డకు కట్టు కట్టింది నువ్వేనంట కదమ్మా. అల్లా నిన్ను చల్లగా చూడాలి."

ఈశ్వరి తలెత్తలేకపోయింది. ఆ తల్లి వెళ్లాక బీరువా అద్దంలో తన ముఖం చూసుకుని, చటుక్కున చూపు తిప్పుకుంది. ఆ అద్దం వెనక ఉన్నది నేను. నా మెరుపు చూస్తే నాకే సిగ్గేసింది.

వార్షికోత్సవం నాడు ప్రిన్సిపాల్‌గారు ఏడాది ఘనతలన్నీ చదివారు. చివర గొంతు పెంచి, "గాయాన్ని సైతం లెక్కచేయక, కళాశాల పరువు కోసం ఆడిన షమీమ్ త్యాగం మనకు ఆదర్శం!" అన్నారు. హాలు చప్పట్లతో మోగిపోయింది. ముందు వరసలో చేతికర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చున్న షమీమ్ తల దించుకుంది. కెప్టెన్‌ను రెండు మాటలు మాట్లాడమని నన్ను ఈశ్వరి చేతికిచ్చారు.

"అది త్యాగం కాదు సార్," అంది ఈశ్వరి. మైకులో ఆమె ఊపిరి కూడా వినిపిస్తోంది. "షమీమ్ ఆడలేనంది. పరుగు పరీక్ష ఉందని కూడా చెప్పింది. నేనే ఆడించాను. నాకీ కప్పు కావాలి, అందుకని."

ఎవరో అలవాటుకొద్దీ చప్పట్లు మొదలుపెట్టి నాలిక్కరుచుకున్నారు. ప్రిన్సిపాల్‌గారు గొంతు సవరించుకుని తర్వాతి బహుమతి ప్రకటించారు.

సభ ముగిశాక షమీమ్ బయట మెట్లమీద ఒంటరిగా కూర్చుని ఉంది. నన్ను చంకలో పెట్టుకుని ఈశ్వరి వచ్చి పక్కన కూర్చుంది.

"ఆ రోజు నీ మాట వినలేదే నేను."

"విన్నావక్కా. విన్నాకే ఆడమన్నావు."

ఈశ్వరి ఏడ్చింది. షమీమ్ ఓదార్చలేదు. ఇలా మాత్రం అంది: "నువ్వే ఆడమన్నావని అమ్మకు చెప్పనిది నిన్ను కాపాడ్డానికి కాదు. చెబితే, మరి నువ్వెందుకు లేచి ఆడావే అని అడుగుతుంది. దానికి నా దగ్గర జవాబు లేదు."

"అందరిముందూ చెప్పేశాను. ఇకనైనా..."

"చెప్పావు. మంచిదే. మోకాలు మాత్రం నాదే కదక్కా."

షమీమ్ చేతికర్ర ఊతంగా లేవబోయి, తూలి, ఆగింది.

"ఆ కప్పు అక్కడ పెట్టు. మెట్లు దిగాలి. చెయ్యివ్వు."

ఈశ్వరి నన్ను మెట్టుమీద పెట్టేసింది. ఇద్దరూ ఒక్కో మెట్టే, ఆగి ఆగి, దిగారు. గేటు దాకా వెళ్లినా ఎవరూ నాకోసం వెనక్కి తిరిగి చూడలేదు. అన్నేళ్లలో నన్ను మరిచిపోయినందుకు నాకు సంతోషం కలిగింది ఆ ఒక్కసారే.