గంగుబాయి బొటనవేలు

గంగుబాయిని పిలుచుకురావడానికి నన్నే పంపారు. వేరే కానిస్టేబుల్ పోతే వాడకట్టంతా గుమిగూడుతుంది. నేను పోతే మరదలిని చూడటానికి బావ వచ్చాడనుకుంటారు. నా భార్య పోయాక ఆ గడప నేను తొక్కలేదన్న సంగతి పైవాళ్లకు తెలియదు.

నేను బోధన్‌లో స్పెషల్ బ్రాంచి హెడ్ కానిస్టేబుల్‌ని. ఊళ్లోకి కొత్తగా ఎవరొచ్చారు, ఎవరింట్లో దిగారు, ఏ సభలో ఏం మాట్లాడారు, ఇవన్నీ విని పైకి చెప్పడం నా పని. గంగుబాయి నా భార్యకు చెల్లెలు. బీడీలు చుడుతుంది. మొగుడు లేడు, పిల్లల్లేరు. నా భార్యకు కామెర్లయితే దవాఖాన వద్దని, మోస్రా ఊరి దగ్గర ఎవరో పసరు పోస్తారని తీసుకుపోయింది. నేను బందోబస్తు డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆమె గోళ్లు కూడా పచ్చబడ్డాయి. నిజామాబాద్ డాక్టరు ముందే తేవాల్సిందన్నాడు. అప్పటినుంచి గంగుబాయితో నాకు మాటల్లేవు.

ఆమె అరుగు మీద కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుని ఆకు కత్తిరిస్తోంది.

"ఎందుకొచ్చినవ్ బావా?"

"హైదరాబాద్ మేడం మాట్లాడుతదట. నడువ్."

"చాట లోపట పెట్టొస్త."

ఏ మేడం, ఎందుకు అని అడగలేదు. నా పనిలో, ఎందుకని అడగని మనిషిని ముందు గుర్తు పెట్టుకుంటాం.

మేడం పేరు ఉమారాణి. దేశ భద్రత చూసే నిఘా విభాగంలో అధికారి. స్టేషన్‌లో కాకుండా కాలువ పక్కన నీటిపారుదల వాళ్ల గెస్ట్ హౌస్‌లో దిగింది. గంగుబాయి లోపలికి రాగానే కింద కూర్చోబోయింది. మేడం కుర్చీ చూపించింది. అంచు మీద కూర్చుంది.

"నీ దగ్గర ఎన్ని ఫోన్లున్నాయమ్మా?"

"ఒక్కటే. గుండీలది."

"నీ పేరు మీద తొమ్మిది సిమ్ములున్నాయి."

గంగుబాయి నవ్వింది. "తొమ్మిది ఫోన్లుంటె నేను బీడీలెందుకు చుడ్త మేడం? కుర్సీల కూసొని మాట్లాడుకుంట ఉందును."

మేడం నవ్వలేదు. నావైపు తిరిగి చెప్పింది. ఉత్తరాదిన ఒక సైనిక గోదాంలో పనిచేసే గుమాస్తాకు గంగుబాయి నంబర్ నుంచి మెసేజ్‌లు వచ్చాయి. ఫొటోలో మేజర్ యూనిఫాం. నంబర్ మన దేశానిదే. గుమాస్తా నమ్మాడు. ఏ సరుకు ఏ రైల్లో ఎటు పోతుందో చెప్పాడు. అవతల కూర్చున్నవాడు మన దేశంలోనే లేడు.

"ఒకప్పుడు శత్రువు మనిషిని పంపేవాడు ముత్తన్న గారూ. ఆ మనిషికి మన భాష రావాలి, ఊరు తెలియాలి, తిండి తెలియాలి. ఎక్కడో తడబడేవాడు. మీలాంటివాళ్లు పట్టుకునేవారు. ఇప్పుడు మనిషి అక్కర్లేదు. మన నంబర్ ఒకటి కావాలి, దానికి వచ్చే ఓటీపీ అంకెలు చదివి చెప్పేవాడు ఒకడు కావాలి. అంతే. మెసేజ్‌ల ఖాతా అక్కడ తెరుచుకుంటుంది. తర్వాత సిమ్ము కాల్వలో పడేసినా ఖాతా నడుస్తూనే ఉంటుంది. మేం వెతుక్కుంటూ వస్తే దొరికేది ఈమె."

గంగుబాయికి ఎంత అర్థమైందో తెలియదు. నవ్వు మాత్రం పోయింది.

మేడం లేచి వచ్చి ఆమె కుడిచెయ్యి తీసుకుంది. బొటనవేలు వెలుతురుకు తిప్పి చూసింది.

"రేషన్ మిషన్ మీద పడుతుందా?"

"యాడ పడ్తది మేడం. తంబాకుతోని అరిగిపొయింది. తలకు రాసి మళ్ల పెడ్త. డీలర్ పెట్టుమన్నన్ని సార్లు పెడ్త. సాలన్నంక తీస్త."

"సిమ్ము తీసుకున్నప్పుడూ అంతేనా?"

"గంతే. పడలే అన్నడు, మళ్ల పెట్టిన."

అని నోరు మూసుకుంది. అప్పటికే ఆలస్యమైంది.

మా బీడీ వాడల్లో ఆడవాళ్లందరిదీ ఇదే పద్ధతి. వేలు మిషన్ మీద పెట్టి, కళ్లు ఎదుటివాడి ముఖం మీద పెడతారు. చాలు అన్నదాకా తీయరు. ఎన్నిసార్లని అడగరు. అడిగితే ఆ నెల బియ్యం ఆగుతుందని భయం. వేలు పడలేదంటే తప్పు తమ వేలిదే అనుకుంటారు. వేలు పడ్డ ప్రతిసారీ ఒక సిమ్ము పుట్టింది.

"పెట్టమన్నది ఎవరు?" మేడం అడిగింది.

"యాదికి లేదు."

"మీ వాడలో ఇంకా చాలామంది ఆడవాళ్ల పేర్ల మీద ఇలాగే ఉన్నాయి. అన్నీ ఒకే రోజువి. అంటే వాడు మిషన్ పట్టుకుని మీ వాడకే వచ్చాడు. ఎక్కడ కూర్చున్నాడు?"

"యాపచెట్టు కింద."

"మీ వాడల యాపచెట్టు లేదు," అన్నాను. నన్నెవరూ అడగలేదు. అలవాటు.

గంగుబాయి నన్ను సూటిగా చూసింది. "నువ్వు నోరు మూసుకో బావా."

అప్పుడే మేడం డ్రైవర్ భూమేష్ ఫోన్ పట్టుకుని లోపలికి వచ్చాడు. వార్తల ఛానెల్. ఒక మాజీ అధికారి, దేశ భద్రత నిపుణుడట, కోటు వేసుకుని మాట్లాడుతున్నాడు. తెలంగాణ సరిహద్దు పట్టణం, బీడీ కార్మికురాలు, స్లీపర్ సెల్. ఊరి పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకుండా మిగతాదంతా చెప్పాడు.

మేడం పూర్తిగా వినలేదు. "ఈయనకు ఎవడో చెప్పాడు. ఈయన దేశానికి చెప్పాడు." ఫోన్ భూమేష్‌కు తిరిగిచ్చింది. "ఇంకాసేపట్లో ఇది అందరి ఫోన్లలో ఉంటుంది. సిమ్ములు కొన్నవాడు చూస్తే మాయమవుతాడు. వాడు పోతే నా దగ్గర మిగిలేది ఈమె ఒక్కతే. కేసు ఢిల్లీకి పోతుంది. అధికార రహస్యాల చట్టం. బెయిలు దొరకదు. వేలు అరిగిందని అక్కడ చెప్పుకోవడానికి ఏళ్లు పడుతుంది." నావైపు చూసింది. "మీ మరదలే కదా. మాట్లాడండి. త్వరగా."

గంగుబాయిని వరండాలోకి తీసుకొచ్చాను. రోడ్డు మీద చెరకు ట్రాక్టర్లు పోతున్నాయి. మా చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకంతా వేరే ఊళ్లకే పోతోంది. ఆ చప్పుడు తగ్గేదాకా ఆగాను.

"ఎవడు గంగూ?"

కొంగుకు అంటిన తంబాకు దులుపుకుంది.

"జైలుకు పోతవ్."

"పోత. అండ్ల తిండి పెడ్తరు గద."

"ఎవని కోసం?"

"నీకెందుకు? మా ఇంట్ల ఎవరు తింటరో, ఎవరు పంటరో నీకెరుకనా? ఊరి ముచ్చటంత నీకెరుక. గదొక్కటే ఎరుక లేదు."

ఆమె ఇంట్లో తినేది, పడుకునేది ఒక్కడే. నా కొడుకు శివకుమార్. తల్లి పోయిన ఏడాది బట్టల సంచీ తీసుకుని ఈమె ఇంటికి పోయాడు. నేను వద్దనలేదు, రమ్మనలేదు. నిజామాబాద్‌లో సెల్‌ఫోన్ దుకాణంలో కుదిరాడని, గొడుగు, మిషన్ పట్టుకుని రెంజల్ వైపు ఊళ్లన్నీ తిరుగుతాడని విన్నాను. విని ఊరుకున్నాను.

"శివుడా?"

గంగుబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వానికి ఎరుక లేదు బావా. దుకాణపాయన ఎక్కువ సిమ్ములు కావాలన్నడట. వాన్ని వాడకు పిలిచింది నేను. మా పిల్లగాడు వచ్చిండు, అందరు రాండ్రి అని ఇల్లిల్లు తిరిగి చెప్పింది నేను. ఏలు నాది. నేను పోత. నువ్వు లోపలికి పోయి, దానికి యాదికి లేదట అని చెప్పు."

"ఎవరు ఎటు పోవాల్నో మల్ల నువ్వే చెప్తవా? మీ అక్కను మోస్రాకు తీస్కపోయినట్టు?"

కొంగు బొడ్లో దోపుకుంది.

"అన్నవ్. ఇన్నేండ్లకు నోట్లకెల్లి అన్నవ్. సరే. గందుకే చెప్తున్న. అప్పుడు నీ పెండ్లాన్ని పోగొట్టిన. ఇప్పుడు నీ కొడుకు జాగల నేను పోత. సగమన్న తీరుతది. నన్ను పోనీ."

అది తీరే బాకీ కాదు. లోపలికి పోయి మేడంకు నా కొడుకు పేరు, దుకాణం సంగతి చెప్పాను.

మేడం ముఖంలో ఏమీ కదలలేదు. "దుకాణానికి మనుషులను పంపితే పక్క దుకాణం నుంచి ఎవడో ఫోన్ చేస్తాడు. కొనేవాడికి తెలిసిపోతుంది. అబ్బాయి తనంతట తాను బోధన్ రావాలి, ఫోన్ జేబులో పెట్టుకుని. మీరు పిలవండి."

"నేను పిలిస్తే రాడు."

"వచ్చేలా పిలవండి."

గంగుబాయిని మళ్లీ లోపల కూర్చోబెట్టారు. ఆమె ముందే ఫోన్ కలిపాను. మేడం స్పీకర్ పెట్టమంది.

"బాపూ?" అన్నాడు. ఆ ఒక్క మాటలోనే అనుమానం వినపడింది. నేనెప్పుడూ ఫోన్ చేయను.

ఏం చెప్పాలో అప్పటిదాకా అనుకోలేదు.

"మీ సిన్నవ్వ పడ్డది. బోధన్ దవాఖానల ఉంది."

గంగుబాయి కుర్చీలోంచి లేచింది. నోరు తెరిచింది. ఒక్క కేక వేస్తే చాలు, అంతా అయిపోయేది. మేడం ఆమెను పట్టుకోలేదు, మెల్లగా చెవిలో ఒక మాట చెప్పింది. "వాడు పారిపోతే వాణ్ణి వెతికేది నేను కాదమ్మా, వేరేవాళ్లు." గంగుబాయి నిలబడే ఉంది. నోరు మూసుకుంది.

"ఎట్ల పడ్డది? మాట్లాడుతుందా?" శివుడి గొంతు మారిపోయింది.

"సూది ఏసిండ్రు. పండుకుంది."

"వస్తున్న. నేనొచ్చేదాక పక్కనుండు బాపూ. గీసారన్న ఉండు."

ఫోన్ పెట్టేశాడు. గదిలో ఎవరూ నావైపు చూడలేదు.

దవాఖాన గేటు దగ్గర నిలబడ్డాను. మేడం మనుషులు మందుల దుకాణం దగ్గర, టీ బండి దగ్గర మామూలు బట్టల్లో ఉన్నారు. నిజామాబాద్ నుంచి బండి మీద రావడానికి పట్టే సమయంలో వాడు ఫోన్ చూడకూడదు, దారిలో ఎక్కడా టీవీ ముందు ఆగకూడదు. నేను ఆలోచించింది అదే. వేరేది ఆలోచించలేదు.

వచ్చాడు. బండికి సంచీ తగిలించి ఉంది. అందులో ఫ్లాస్కు, గంగుబాయి శాలువా. దారిలో ఆమె ఇంటికి పోయి తెచ్చాడు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుంది.

"ఏ వార్డుల ఉంది?"

"ఏ వార్డుల లేదు."

నన్ను చూశాడు. నా వెనక నుంచి వస్తున్న మేడంను, ఆమె మనుషులను చూశాడు. చెయ్యి జేబులోకి పోయింది. మణికట్టు పట్టుకున్నాను. వాడు నాకంటే బలవంతుడు. లాక్కుంటే నేను ఆపలేను.

"సిన్నవ్వ బాగున్నదా?"

"బాగున్నది."

"మంచిగున్నది గద?"

"మంచిగనే ఉంది."

చెయ్యి వదులు చేశాడు. ఫోన్ తానే తీసి మేడం చేతిలో పెట్టాడు.

మిగతాది త్వరగా అయింది. కొత్త సిమ్ములు తయారుగా ఉన్నాయని శివుడు మేడం పక్కనే కూర్చుని కొనేవాడికి ఫోన్ చేశాడు. అతను ఎప్పుడూ మహారాష్ట్రలోని ధర్మాబాద్ వైపు నుంచి కారులో వచ్చి కందకుర్తి వంతెన దగ్గర శివుడి చేతి నుంచి తీసుకునేవాడట. ఆ రోజూ వచ్చాడు. కారులోనే పట్టుకున్నారు.

వెళ్లేముందు మేడం నన్ను పక్కకు పిలిచింది. గంగుబాయి సాక్షి. వాడలో ఆడవాళ్లను ఎవరూ ముట్టుకోరు. శివుడిని మాత్రం తీసుకుపోవాలి అంది.

"మీవాడికి ఎంత తెలుసంటారు?"

"ఒక్క మనిషికి తొమ్మిది ఎందుకని అడగలేదు. అంత తెలుసు."

"తండ్రిగా మీరు వేరేలా చెప్పవచ్చు. రాసుకుంటాను."

"చెప్పింది రాసుకోండి మేడం."

గెస్ట్ హౌస్ మెట్ల దగ్గర గంగుబాయి నిలబడి ఉంది. బండి మీద దింపుతానన్నాను.

"నడిచిపోత."

"దూరముంది."

"నీ పేరు చెప్పి పిలిస్తె వాడు వచ్చెటోడు గాదు బావా. నేను పడ్డనంటె ఉరికొచ్చిండు. నా పేరు పెట్టి వాన్ని పట్టించినవ్."

"నిన్ను జైలుకు పంపుమంటవా?"

"అడుక్కున్న గద పంపుమని. కాళ్లు పట్టుకునుడు ఒక్కటే తక్కువ." చెప్పులు వేసుకుంది. "అక్క పోయినంక నా మొకం చూడలే నువ్వు. ఇగ నీ మొకం నేను చూడ."

కాలువ గట్టు వెంట పోయింది. మళ్లీ నాతో మాట్లాడలేదు.

శివుడు నిజామాబాద్ జైల్లో ఉన్నాడు. ములాఖత్‌కు ఆమె పోతుంది. నేను పోను. వెళ్లే రోజు పొద్దున్నే అన్నం డబ్బా పట్టుకుని బోధన్ బస్టాండుకు వస్తుంది. బస్టాండు నా డ్యూటీలోకి వస్తుంది. ఆమె నావైపు చూడదు. ఏ బస్సు ఎక్కిందో, ఏ బస్సు దిగిందో నేను చూస్తాను.