వేలన్ వాటా

పొద్దున్నే కాఫీ తాగగానే ఆర్డెల్ చెక్కసుత్తి పట్టుకుని గోదాంలోకి వెళ్లి విస్కీ పీపాలు తట్టి చూస్తుంది. నిండుగా ఉన్నది బరువుగా పలుకుతుంది, తగ్గినది డొల్లగా మోగుతుంది. మొగుడు పోయి పదకొండేళ్లైనా ఆవిడ ఒక్క పొద్దు ఈ పని మానలేదు. మనుషుల్ని నమ్మే రకం కాదు మరి. మోకాళ్లు వంగక అడుగు వరసొక్కటే మరిది వేలన్‌కి వదిలేసింది.

ఆ శనివారం మాత్రం మూలుగుతూనే వంగింది. నలభై ఒకటో పీపా ఆరేళ్లు ఊరిన బోర్బన్ విస్కీ. వేరే పీపాతో కలపకుండా ఒంటిగా సీసాలకెక్కించాలని దాచిన సరుకు. రుచి చూసి కొనడానికి మధ్యాహ్నం లెక్సింగ్టన్ నుంచి మందు కొట్టాయన వస్తున్నాడు. సుత్తితో తట్టింది. డొల్ల! మళ్లీ తట్టింది. సగం లేదు.

పీపాల్లో సరుకు ఏటా కాస్త తగ్గుతుంది; అది దేవదూతలు తాగే వాటా, కెంటకీలో దాన్నెవరూ కాదనరు. దూలాల మీద కూర్చుని రెక్కలు దులుపుతుంటారు, ఆ ఈకలు ఊడ్చలేక చస్తాం. కానీ వాళ్ల మకాం వెచ్చగా ఉండే పై అంతస్తు. చల్లటి అడుగు వరసకి దిగరు. మరి ఎవడు మింగినట్టు?

ఇంకెవడు, వేలనే. తాగి తాగి కన్నకూతురు జూనీని కోర్టువాళ్లు తీసుకుపోయేదాకా తెచ్చుకున్నవాడు. నాలుగేళ్లుగా చుక్క ముట్టలేదంటాడు. ఆ మాట నిజమేనని ఆర్డెల్ సంతకం పెట్టి ఇస్తే సోమవారం జడ్జి పిల్లని ఇంటికి పంపుతాడు. ఆ కాగితం ఆవిడ జేబులోనే ఉంది.

"ఒరేయ్ వేలన్! ఇట్రా. నోరు తెరిచి ఊదు."

"ఏంటి వదినా, పొద్దున్నే?"

"ఊదమన్నానా?"

ఊదాడు. ఉత్త కాఫీ వాసన. ఆవిడ అనుమానం ఇంకాస్త పెరిగింది. ఇంత శుభ్రంగా ఉన్నాడంటే ఏదో మాయ చేసే ఉంటాడు.

మిగిలినదాంట్లో నీళ్లు కలిపాడేమోనని బిరడా పీకి, రాగి గొట్టంతో కాస్త పైకి లాగింది. రెండు చుక్కలు అరచేతుల్లో రుద్దుకుని వాసన చూసింది. ఒక గుక్క నోరంతా తిప్పి, చప్పరించి మింగింది. నీళ్లా పాడా! మాడిన పంచదార పాకం, వెనకే పీపా లోపలి బొగ్గు ఘాటు, చిట్టచివర వానకి తడిసిన ఈక వాసన. దేవదూత మూతి పెట్టిన పీపాకే అది వస్తుంది.

"ఈకలు ఊడ్చేది నువ్వే కదరా. ఒకటి ఇందులో పడేసి నన్ను బోల్తా కొట్టిద్దామనుకున్నావా?"

వేలన్ తల దించుకున్నాడు. "రోజూ నాలుగింటికి నాకు తాగాలని నాలుక పీకేస్తుంది వదినా. వచ్చి దీని మీద చెయ్యేసి నిలబడతాను. పైనుండే ఆ బట్టతల దేవదూత దిగొచ్చి, నా దాహం తీరేదాకా తాగి పోతాడు."

"ఎవరికి చెప్తావురా కబుర్లు! ఆయన దిగొచ్చాడంటే నమ్ముతాను. నువ్వు పీపా పక్కన ఊరికే నిలబడ్డావంటే నమ్మమంటావా?"

గ్లాసు నిండా పోసి పీపా మీద, అతని ముందు పెట్టింది. "ఏదీ, నిలబడు. చూస్తాను."

వేలన్ చెయ్యి చాచాడు. వేళ్లు గ్లాసు దాకా వెళ్లి ఆగాయి. "తీసెయ్యి వదినా. నీకు దణ్ణం పెడతాను."

ఆవిడ తియ్యలేదు. అతని చొక్కా చెమటతో తడిసిపోయింది.

పైన రెక్కల చప్పుడైంది. బట్టతల దేవదూత నిచ్చెన పట్టుకుని ఆయాసపడుతూ మూడంతస్తులూ దిగొచ్చాడు. ఆర్డెల్‌ని కొరకొరా చూసి, గ్లాసెత్తి తాగడం మొదలెట్టాడు. సగమయ్యేసరికి వేలన్‌కి చెమట ఆగింది. గ్లాసు ఖాళీ అయ్యేసరికి అతను రుమాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. ఈసారి కాళ్లు తడబడింది దేవదూతకి. వేలన్ ఆయన్ని చంక కింద పట్టుకుని నిచ్చెన దాకా నడిపించాడు.

ఆర్డెల్‌కి ఎక్కడలేని సిగ్గూ ముంచుకొచ్చింది. కాగితం తీసి ఆ పీపా మీదే పెట్టి సంతకం చేసింది.

"మరి కొట్టాయనొస్తే ఏం చెప్తావు వదినా?"

"ఇది అమ్మేది కాదని చెప్తాను."

సుత్తి అందుకుని, మూలుగుతూ మళ్లీ వంగి పక్క పీపాని తట్టింది. నిండుగా, బరువుగా పలికింది.

"దీన్నీ ఆయన కోసం ఇక్కడే ఉంచు," అంది. "పిల్ల ఇంకా ఏడేళ్లదే."