బడి పేరు, ప్రార్థన పేరు

మా ఇంట్లో సాయంత్రం ఏడు గంటలకు ప్రార్థన. కరెంటు పోయినా, చుట్టాలొచ్చి కూర్చున్నా ఏడుకు చాప పరవాల్సిందే. పెద్దది పుట్టిన ఏడాది మొదలుపెట్టాను, ఈ సంగతి జరిగేనాటికి దానికి పదహారు. నా భక్తి ఎంతటిదో దేవుడికే తెలియాలి గానీ ఒళ్లు మాత్రం హూనమైపోయింది. పొద్దున్నుంచి బడిలో నూట ఇరవై మంది పిల్లలకు మధ్యాహ్న భోజనం వండి, ఆ డేగిశాలు తోమి, ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి ముట్టించి, చివరికి మోకాళ్ల మీద కూర్చుంటే స్తోత్రానికి బదులు ఆవులింత వస్తుంది. మా ఆయన నాగప్ప సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో లారీలకు మూటలెత్తే మనిషి. నేను మొదలుపెట్టగానే ఆయన తల ఛాతీ మీదికి వాలిపోతుంది. ఆమేన్ అనే మాటకు మాత్రం ఎట్లా లేస్తాడో, ఠక్కున లేస్తాడు.

ఆ పదహారేళ్లలో చాప మీద నిజంగా ప్రార్థన చేసింది ఎవరైనా ఉన్నారంటే అది మా పెద్దదే. కళ్లు మూసుకుని పక్కింటి మనిషితో మాట్లాడినట్టు దేవుడితో మాట్లాడేది. పరీక్షలు, నాన్న నడుం నొప్పి, మేక ఈనడం, అన్నీ వరసగా చెప్పుకునేది. అది ప్రార్థన చేసే రోజు నాకు ఆవులింతలు వచ్చేవి కావు.

మా పిల్లలిద్దరికీ రెండేసి పేర్లు. చర్చిలో అయ్యగారు పెద్దదానికి కెజియా అని, చిన్నదానికి తబితా అని పెట్టాడు. బడిలో వాళ్లు ఉదయశ్రీ, సుచరిత. నేను చర్చిలో ఎస్తేరును, రేషన్ కార్డులో శివలీలను. నాగప్ప చర్చిలో యాకోబు. మా కాలనీలో ఇదేమీ వింత కాదు. మేం ఎస్సీలం. కాగితంలో క్రైస్తవులని పడిందంటే బీసీల్లోకి మారుస్తారు, పిల్లలకు ఆ సీటూ దక్కదు, ఆ స్కాలర్‌షిప్పూ దక్కదు. అందుకని కాగితం దారి కాగితానిది, చాప దారి చాపది. రెండూ ఒకదానికొకటి ఎదురుపడకుండా ఏళ్లపాటు నెట్టుకొచ్చాను.

రెండువేల ఆరులో ఎదురుపడ్డాయి. పెద్దది పదో తరగతి బాగా పాసై, కడపలో పాలిటెక్నిక్ సీటు వచ్చేంత ర్యాంకు తెచ్చుకుంది. కుల సర్టిఫికెట్టు ఒక్కటే తక్కువ. దానికి పెట్టుకుంటే, ఈళ్లు ఆదివారమాదివారం చర్చికి పోతారని ఎవరో పుణ్యాత్ముడు పేరు లేకుండా అర్జీ రాసి పడేశాడు. గురువారం రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఇంటికొచ్చి విచారిస్తాడని కబురొచ్చింది. ఆయన రాసేదాన్ని బట్టే సీటు.

అయ్యగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన గడ్డం నిమురుకుని, "ప్రార్థన చేద్దాంలే తల్లీ" అన్నాడు. చేశాడు కూడా, పావుగంట. ఏం చేయమని మాత్రం చెప్పలేదు. ఆయన పిల్లల కాగితాల్లో ఏముందో నాకు తెలుసు. అడగలేదు.

గురువారం పొద్దున్నే బైబిలు తీసి బియ్యం డబ్బాలో పెట్టాను. గోడమీది చెక్క సిలువను నాగప్ప మేకు నుంచి దించాడు. దించి, "ఓరి దేవుడా" అన్నాడు. మా ఊళ్లో గాలిలోనే సిమెంటు. ఏ ఇంటి గోడ చూసినా బూడిద రంగే. పన్నెండేళ్లుగా సిలువ కింద దుమ్ము పడని చోట సున్నం తెల్లగా, అచ్చం సిలువ ఆకారంలోనే ఉంది. తడిగుడ్డ పెట్టి తుడిచాను. ఇంకా తెల్లబడింది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

తిరుమలయ్య శెట్టి అంగడికి పోయి క్యాలెండరు కావాలన్నాను.

"ఆరో నెల్లో క్యాలెండరేందమ్మా శివలీలా?" అన్నాడు. నా మొహం చూశాక మళ్లీ అడగలేదు. లోపలికి పోయి వెంకటేశ్వరస్వామిది తెచ్చి, "పెద్దది తీసకపో. అంతా కప్పుతాది" అన్నాడు.

కప్పింది. కాకపోతే ఫ్యాను తిరిగితే లేస్తుంది. ఫ్యాను ఆపితే జూన్ నెల ఎండకు ఇంట్లో కూర్చోలేం, వచ్చే ఆయనను అసలే కూర్చోబెట్టలేం.

ఇవన్నీ చేస్తున్నంతసేపూ పెద్దది తలుపుకు ఆనుకుని చూస్తూనే ఉంది. చివరికి అంది: "మూడో తరగతిలో పలక పగలగొట్టి నేను కాదన్నానని నా నోట్లో మిరప్పొడి పెట్టినావు, గ్యాపకముందా మా? ఈ పొద్దు ఎవురి నోట్లో పెడ్తావు?"

"నీ సీటు కోసమే కదమ్మే ఇదంతా!" అని అరిచాను. అరుపు గట్టిగానే వచ్చింది. సమాధానం లేనప్పుడు నాకు గొంతు పెరుగుతుంది.

చిన్నదాన్ని పక్కింటి అంజనమ్మ దగ్గర వదిలేశాను. దాని నోరు నమ్మేది కాదు.

పదకొండుకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మహానంది అని పేరు, రిటైరుకు దగ్గర పడిన మనిషి, చంకలో ఫైలు, మెడ చుట్టూ తడి తువ్వాలు. మజ్జిగ ఇస్తే గుక్కలో తాగి, గ్లాసు కింద పెట్టి అడగడం మొదలుపెట్టాడు.

"ఆదివారం యాడికి పోతావప్పా?" అని నాగప్పను అడిగాడు.

"పనికి పోతా సార్. లారీలకు ఆదివారమేంది?" అన్నాడు నాగప్ప. అది నిజమే. నెలలో రెండు ఆదివారాలు నిజం.

అంతలో ఫ్యాను గాలికి క్యాలెండరు కింది అంచు లేచింది. ఉదయశ్రీ మెల్లగా లేచి, నీళ్లు తాగడానికి పోతున్నట్టు పోయి, గోడకు ఆనుకుని నిలబడింది. వీపుతో క్యాలెండరును గోడకు అదిమిపెట్టింది.

"పాపా, నీ పేరేమి?"

"ఉదయశ్రీ సార్."

"చర్చికి పోతావా?"

"పోను సార్."

"ఇంట్లో ప్రార్థనలు అట్లాటివి ఏమన్నా చేస్తారా?"

"లేదు సార్. శుక్రవారం దీపం పెడ్తాం. మాయమ్మ తలకు పోసుకోని పెడ్తాది."

గొంతు వణకలేదు. కళ్లు దించుకోలేదు. చాప మీద దేవుడితో మాట్లాడే గొంతే అది, అంతే నిదానం. శుక్రవారం దీపం సంగతి నేను నేర్పలేదు, తలకు పోసుకునే సంగతి అసలే నేర్పలేదు. నా బిడ్డ ఇంత బాగా అబద్ధం చెప్పగలదని నాకు అప్పుడే తెలిసింది. సీటు దక్కుతుందన్న సంతోషం నాకు రాలేదు.

మహానంది గారు చాలాసేపు ఏదో రాసుకున్నాడు. నాగప్ప చేత సంతకం పెట్టించుకున్నాడు. ఫైలు కట్టేసి, గడప దాటి చెప్పులేసుకుంటూ మామూలుగా అన్నాడు: "వస్తానమ్మా. వందనాలు."

"వందనాలయ్యగారూ" అన్నాను నేను.

అనేశాక తెలిసింది. బయటివాళ్లయితే నమస్కారం అంటారు. ఆ మాట మావాళ్లదే. చర్చి మెట్ల మీద, పెళ్లిళ్లలో, ఆస్పత్రిలో, మావాళ్లు ఎదురైతే మేం అనేది అదే. పుట్టినప్పటి నుంచి ఆ మాట వినపడితే ఆ మాటే తిరిగివ్వడం నా నోటికి అలవాటు. బియ్యం డబ్బాలో బైబిలు దాచాను గానీ నా నోటిని దాచడం మరిచిపోయాను.

ఆయన ఒక చెప్పు వేసుకుని, రెండో కాలు అట్లాగే పెట్టుకుని నా వైపు చూశాడు. ఉదయశ్రీ గోడను వదల్లేదు.

"ఇంగొకసారి ఎవురన్నా అట్లంటే నమస్కారమను తల్లీ" అన్నాడు నెమ్మదిగా. "అందరూ నా మాదిరి ఉండరు. రాసింది రాసినట్లే ఉంటాదిలే. పాపను బాగా సదివించుకోండి."

రెండో చెప్పు వేసుకుని ఎండలో పడి పోయాడు. ఆయన మావాడో, దయగల వాడో నాకు తెలియదు. నాగప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి గోడకు ఆనుకుని అట్లాగే నిద్రపోయాడు.

సాయంత్రం ఏడయింది. చాప పరిచాను. సిలువ మళ్లీ తగిలించబోతే, "సర్టిఫికెట్టు చేతికొచ్చేదాకా ఉండనీ" అన్నాడు నాగప్ప. నాకు వాదించే ఓపిక లేదు. అలవాటు ప్రకారం ఆ గోడ వైపే తిరిగి నలుగురమూ మోకరించాం. ఎదురుగా వెంకటేశ్వరస్వామి.

"కెజియా, నువ్వు ప్రార్థన చెయ్యి" అన్నాను.

అది కళ్లు మూసుకోలేదు. "ఏ పేరుతో చేయల్ల మా?" అంది.

ఎగతాళి కాదు. ఎగతాళి అయితే రెండు పీకి ఊరుకునేదాన్ని. అది నిజంగానే అడుగుతోంది. "పొద్దున ఆయప్పకు చెప్పినామె ఇంగా ఈడనే ఉండాది. ఆమెను బయటికి పంపీకి నాకు చేతకాలా" అంది.

నా గొంతు ఈసారి పెరగలేదు. సరే, నేనే మొదలుపెట్టాను. "తండ్రీ, కెజియాను కాపాడు. ఉదయశ్రీని కాపాడు. తబితాను, సుచరితను కాపాడు. యాకోబును కాపాడు, నాగప్ప నడుం బాగుచెయ్యి. ఎస్తేరును క్షమించు. శివలీలను క్షమించు."

చిన్నది ఒక కన్ను తెరిచింది. "మా, మనం ఎనిమిది మందిమా?"

ఆ మాటకు నాగప్ప ఉలిక్కిపడి లేచి, "ఆమేన్" అన్నాడు. చిన్నది కిలకిలా నవ్వి, ఆమేన్ అంది. నేనూ అన్నాను. పెద్దది అనలేదు.

నేను లేవలేదు. దాని ఆమేన్ కోసం కూర్చున్నాను. దానికి మాటలొచ్చినప్పటి నుంచి అది ఆమేన్ అనకుండా చాప చుట్టిన రోజు లేదు. లోపల అన్నం మాడుతున్న వాసన మొదలైంది.

"నువ్వు పో మా, అన్నం మాడుతాండాది" అంది కెజియా. "నేను కొంచేపుండి వస్తా."

పోయి గిన్నె దించాను. అడుగంతా మాడింది. తలుపు సందులోంచి చూస్తే, అది లేచి క్యాలెండరు కింది అంచును రెండు చేతులతో జాగ్రత్తగా పైకి మడిచి మేకుకు తగిలిస్తోంది, స్వామి కాగితం చిరగకుండా. మడిచి మళ్లీ మోకరించింది. ఎదురుగా గోడ మీద తెల్లటి గుర్తు. పెదాలు కదులుతున్నాయి, మాట వినపడలేదు.

దానికి కడపలో సీటు వచ్చింది. ఆ సాయంత్రం ఏ పేరుతో చెప్పుకుందో నేను అడగలేదు. ఇప్పటికీ అడిగే ధైర్యం చేయలేదు.