మూలపీపా

ఇంట్లో అందరూ ఆమెను పిచ్చుక అనేవాళ్ళు. మనిషి చిన్నది, ఎప్పుడూ ఏదో ఒక మూల ఉంటుంది. కాకపోతే పిచ్చుక కనీసం కిచకిచమంటుంది.

చలికాలమంతా పిచ్చుక నేలమాళిగలోనే గడిపింది. ఆ ఏడు తోటలో పండిన తెల్లద్రాక్ష మూడు పీపాల వైనయింది. అడుగున పేరుకున్న మడ్డిని పొడవాటి కర్రతో కలుపుతూ ఉండాలి, ఆవిరైపోయినంత మేర మళ్ళీ నింపాలి. మాట కలపడానికి మనిషి లేక పీపాలతోనే మాట్లాడేది. గట్టు మీది పాత తీగల పండుతో చేసిన వైను మూలనున్న పీపాలో, మూలపీపాలో, ఉంది. మొదటిసారి దాని రుచి చూసిన రోజున ఎవరికైనా చెప్పాలని ఒక్క పరుగున మెట్లెక్కింది. పైన ఎవరి పనిలో వాళ్ళున్నారు. కాసేపు గుమ్మంలో నిలబడి, మళ్ళీ దిగి వచ్చేసింది.

ఆ వైనును దేంట్లోనూ కలపకుండా విడిగా సీసాల్లో పట్టాలి. ఆమె కోరిక అదొక్కటే.

కానీ ఏది విడిగా ఉంచాలో, వేటిని కలపాలో ఇంట్లోవాళ్ళు రుచి చూసి తేల్చే రోజున పోసేవాళ్ళు నోరు మెదపకూడదు. ఏ గ్లాసులో ఏ పీపాదో వాళ్ళకు ముందే తెలుసు కదా! అది నాన్న పెట్టిన పద్ధతి. నాన్న పోయాక కూడా పోసే పని పిచ్చుకదే.

అందుకని ఈసారి, పీపాకొకటి చొప్పున పెట్టే మూడు జాడీల్లోనూ మూలపీపా వైనే నింపింది. నాలుక మీద పడితే చాలు, ఎవరో ఒకరు తలెత్తి "ఇదేమిటే, ఇంత బావుంది!" అంటారనుకుంది.

బాబాయి మొదటి గ్లాసు పుక్కిలించి మొహం చిట్లించాడు. "నీళ్ళు గానీ కలిపావా ఏంటే పిచ్చుకా?"

"రెండోది బావుంది మావయ్యా," అంది వదిన.

"బావుందా? అచ్చం నీ చారులా ఉంది."

"మరి ఆ చారు రోజూ రెండోసారి ఎందుకు పోయించుకుంటారో!"

అన్నయ్య మూడోది తాగి పెదవి విరిచాడు. "ఇది పులుపు. ఒక్కోటీ ఒక్కో దారి. రేపు అన్నీ కలిపి ట్యాంకులో పోసేద్దాం."

అందరూ వెళ్ళాక పిచ్చుక గ్లాసుల అడుగున మిగిలింది తాగి చూసింది. మూడోది ఆమెకూ పుల్లగానే అనిపించింది.

మర్నాడు అన్నయ్య పైపు పట్టుకుని దిగాడు. తిన్నగా వెళ్ళి మూలపీపా బిరడా మీద చెయ్యి వేశాడు.

"అన్నయ్యా, నిన్న మూడిట్లోనూ ఇదే పోశాను."

కస్సుమంటాడనుకుంది. అతను పైపు కింద పడేసి, చివరి మెట్టు మీద కూలబడ్డాడు.

"నాకెప్పుడు తెలిసి ఏడ్చిందే? నాన్న మొహం చూసి చెప్పేవాణ్ణి. ఇప్పుడు చూద్దామంటే ఆ మొహం లేదు." గొంతు తగ్గించి, "బాబాయితో అనకు. పోనీ నువ్వు చెప్పు, ఏం చేద్దాం?" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. తీరా అడిగేసరికి నిన్నటి పులుపే నాలుకకు తగులుతోంది. అన్నయ్య కళ్ళార్పకుండా ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"ఇది విడిగా ఉంచు," అంది.

అతను పైపును మిగతా పీపాల వైపు ఈడ్చుకెళ్ళాడు. మోటారు మోగింది. పిచ్చుక మూలపీపా పక్కనే నిలబడిపోయింది. ఆమె చూసుకోవడానికి మాత్రం ఎవరి మొహమూ లేదు.