పదిహేడో నంబరు కండ

బరువులెత్తినప్పుడు పెరగమని కండకు కబురు మోసే ప్రొటీన్లు కొన్ని ఉంటాయి. కొత్తగా ఎత్తేవాళ్లలో ఒక్కసారికే అవి గోలగోలగా లేస్తాయి. ఏడాది ఎత్తి అలవాటుపడ్డ కండలో ఆ సందడి తగ్గుతుంది. ఆ తేడా కొలవడం మా ల్యాబ్ పని. తొడలోంచి సూదితో తీసిన బియ్యపుగింజంత కండను నూరి, ఆ ప్రొటీన్లను ఫిల్ము మీద నల్ల గీతలుగా చూస్తాను. గీత ఎంత లావైతే సందడి అంత. సీసాల మీద పేర్లుండవు, నంబర్లే.

పదిహేడు మా అక్కదని నాకు తెలియకూడదు. కానీ సూది గుచ్చే రోజు భయపడి నా చెయ్యి పట్టుకుంది. పదిహేడు రాసిన సీసా నా కళ్లముందే వెళ్లింది.

ఏడాదిపాటు బరువులెత్తే ఈ పరిశోధనలో అక్కను చేర్పించింది నేనే. రోజూ పొద్దున జిమ్‌కు వెళ్లి రావడానికి గంటన్నర. ఆ గంటన్నర దాని కవలల్ని చూసుకోవడానికి నా పొద్దుటి క్లాసులు మానుకున్నాను. వాళ్లకు నడక వచ్చింది నా చేతుల్లోనే.

ఈ వారం పదిహేడు గీత చూశాను. ఏడాది కిందట ఎంత లావుందో ఇప్పుడూ అంతే. నా చేతి పొరపాటేమోనని మళ్లీ చేశాను. మూడోసారీ చేశాను. బలం కొలిచిన కాగితం తీస్తే మొదటి రోజు ఎత్తిన బరువే ఉంది. అక్క రాసిన జిమ్ పుస్తకంలో మాత్రం వారం వారం బరువు పెరుగుతూనే ఉంది.

సాయంత్రం అక్క బట్టలు మడతపెడుతోంది.

"అక్కా, రోజూ ఎక్కడికెళ్లేదానివి?"

చేతులు ఆగాయి. "అక్కడికేనే. వెనక గదిలో చాపలుంటాయి. పడుకునేదాన్ని."

"ఏడాదంతా?"

"మొదటి వారం ఎత్తాను. తర్వాత ఓ రోజు కాసేపు నడుం వాల్చా." నవ్వబోయింది. "నా తొడే చాడీలు చెప్తుందనుకోలేదే పొట్టీ."

నాకు నవ్వు రాలేదు. "నిద్ర కావాలంటే చెప్పొచ్చుగా?"

"నిద్ర కోసమంటే నువ్వు క్లాసులు మానేదానివా?"

మానేదాన్నే. కుప్పలోంచి పిల్లల చొక్కా తీసి మడతపెట్టాను.

"మీ ల్యాబ్ మేడమ్‌కి చెప్పకే. పరువు పోతుంది."

మర్నాడు మేడమ్‌కి చెప్పాను, నంబరు ఎవరిదో నాకు తెలుసన్న సంగతితో సహా. ఆవిడ పదిహేడును కొట్టేసి, ఆ పనిలోంచి నన్నూ తప్పించింది.

ఆ మరుసటి పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. వెనక పిల్లలు గోల చేస్తున్నారు.

"వస్తున్నావా? నీకోసం తలుపు దగ్గరే కూర్చున్నారు."

"క్లాసుంది" అన్నాను.

క్లాసులో నా సీటు ఇంకెవరికో ఇచ్చేసి ఏడాదవుతోంది.